క్రోషే నాడా బ్యాక్‌ప్యాక్: అడుగు గిన్నెలా లేస్తోంది, నాడా జారట్లేదు

వెన్నెల_దారాలు:

అందరికీ నమస్తే. మూతి దగ్గర నాడా లాగితే మూసుకుని, అదే నాడా రెండు భుజాలకీ తగిలించుకునే రకం బ్యాక్‌ప్యాక్ అల్లుతున్నాను. లోపల పెట్టేవి ఏ4 సైజు నోట్‌బుక్కులు రెండు, పెన్నుల పౌచ్, అర లీటరు నీళ్ళ సీసా. దారం 8 ప్లై (మధ్యరకం మందం) కాటన్, 50 గ్రాముల ఉండలు ఆరు కొన్నాను. హుక్ 4 మి.మీ.

నెట్‌లో దొరికిన నమూనా చూసి మ్యాజిక్ రింగులో (లాగితే బిగిసే దారపు ఉంగరంలో) 6 డబుల్ క్రోషేలు వేసి, చుట్టుకి 6 చొప్పున పెంచుకుంటూ 9 చుట్లు పూర్తి చేశాను. 54 కుట్లు సరిగ్గా వచ్చాయి. కానీ 4వ చుట్టు నుంచే అంచు పైకి లేచి ఇప్పుడు గిన్నెలా తయారైంది. తడిపి ఇస్త్రీ చేసినా బల్ల మీద పడుకోవట్లేదు.

మూతి సంగతి ముందే తేల్చుకుందామని చిన్న ముక్క అల్లి, 2 గొలుసు కుట్ల ఖాళీలు వదిలి, అదే దారంతో వేసిన గొలుసు తాడు ఎక్కించి చూశాను. లాగితే ఎక్కడికక్కడ పట్టేస్తోంది. తాడు కింది కొసలు ఎక్కడ, ఎలా బిగించాలో కూడా నమూనాలో వివరంగా లేదు. లైనింగ్ తప్పనిసరా? తెలిసినవాళ్ళు చెప్పగలరు.

కుట్టు_లెక్క:

మీ లెక్క సరిగ్గానే ఉంది. చిక్కంతా "డబుల్" అన్న పేరుతో వచ్చింది. నమూనా బ్రిటిష్ పద్ధతిలో రాసి ఉంటుంది. అమెరికా వాళ్ళు సింగిల్ క్రోషే అనేదాన్నే బ్రిటిష్ వాళ్ళు డబుల్ క్రోషే అంటారు. మీరు వీడియోల్లో చూసి నేర్చుకున్న డబుల్ అమెరికా డబుల్ అయ్యుంటుంది, అంటే ముందు హుక్ మీద దారం ఒకసారి చుట్టుకుని తర్వాత కుట్టులోకి దించేది. ఇక్కడ కావలసింది పొట్టి కుట్టు. హుక్ కుట్టులోకి దించి దారం లాగుతారు, హుక్ మీద రెండు లూపులు ఉంటాయి, దారం వేసి ఆ రెండింటిలోంచీ ఒక్క లాగుడుతో తీసేస్తారు. అంతే.

నమూనా ఎవరిదో పోల్చుకోవడం కష్టం కాదు. "సింగిల్" అన్న మాట ఎక్కడా కనపడకపోతే, కుట్టు వదిలెయ్యమనడానికి "స్కిప్" బదులు "మిస్" అని రాసి ఉంటే అది బ్రిటిష్‌దే. చుట్టు మొదట్లో 1 గొలుసు వేసుకోమంటే పొట్టి కుట్టు, 3 గొలుసులు వేసుకోమంటే పొడుగు కుట్టు అని కూడా పట్టుకోవచ్చు.

గిన్నె ఎందుకైందంటే, గుండ్రంగా అల్లేటప్పుడు ఒక్కో చుట్టుకీ వ్యాసార్ధం ఒక కుట్టు ఎత్తు మేర పెరుగుతుంది. అంచు చుట్టుకొలత దానికి 6.28 రెట్లు పెరగాలి. పొట్టి కుట్టు ఎత్తు, వెడల్పు ఇంచుమించు సమానం కాబట్టి చుట్టుకి 6 కుట్లు పెంచితే సరిపోతుంది. అమెరికా డబుల్ దాదాపు రెట్టింపు ఎత్తు, దానికి 12 పెంచాలి. మీ 9 చుట్లకి వ్యాసార్ధం 10 సెం.మీ. దాకా వచ్చి ఉంటుంది, అంటే అంచుకి 63 సెం.మీ. కావాలి. 54 కుట్లకి వచ్చేది 32 సెం.మీ. కావలసినదాంట్లో సగం చుట్టుకొలతే ఉంది కనక అంచు లోపలికి లాక్కుని లేచింది. ఇస్త్రీతో సర్దుకునే తేడా కాదది. విప్పేయండి, కాటన్ దారం విప్పినా పాడవదు.

8 ప్లై కాటన్, 4 మి.మీ. హుక్‌తో మామూలు చేతికి 10 సెం.మీ.లో 17 కుట్లు, 18 చుట్లు పడతాయి. మీ చేతికి ఎంతొస్తుందో 12 సెం.మీ. చదరం ముక్క అల్లి, మధ్యలో కొలుచుకోండి. అంచులు లెక్కలోకి తీసుకోవద్దు, అక్కడ కుట్లు సాగుతాయి. 17, 18 వస్తే ఈ కొలతలు వాడుకోవచ్చు:

అడుగు 18 చుట్లు, 108 కుట్లు, అడ్డం 20 సెం.మీ.
బల్ల మీద పరిస్తే బ్యాగు వెడల్పు 32 సెం.మీ.
గోడ 68 చుట్లు, ఆ పైన రంధ్రాల చుట్టు ఒకటి, దాని పైన 4 చుట్లు. మొత్తం ఎత్తు 40 సెం.మీ. పైచిలుకు.

పెంచే కుట్లన్నీ ఒకదాని మీద ఒకటి పడితే అడుగు గుండ్రంగా రాదు, ఆరు మూలలు తేలుతుంది. అందుకని చుట్టు విడిచి చుట్టులో చోటు జరపాలి. 5వ చుట్టు "3 మామూలు, ఒకదాంట్లో 2" అని ఆరు సార్లు. 6వ చుట్టు మాత్రం 2 మామూలు, ఒకదాంట్లో 2 వేసి మొదలుపెట్టి, ఆ తర్వాత "4 మామూలు, ఒకదాంట్లో 2" అని ఐదు సార్లు వేసి, చివర మిగిలిన 2 మామూలుగా వేసి ముగించండి. సరి సంఖ్య చుట్లన్నీ ఇలా సగానికి చీల్చుకుంటే గుండ్రం నిలుస్తుంది.

18వ చుట్టు అయ్యాక పెంపు ఆపేయాలి. 19వది మాత్రం కుట్టు పైనున్న రెండు పోగుల్లో వెనక పోగులోనే వేయండి. ముందు పోగులు గీతలా మిగిలిపోయి, అడుగూ గోడా కలిసే చోట మడత నిటారుగా నిలబడుతుంది. 20 నుంచి మళ్ళీ రెండు పోగులూ పట్టుకోవాలి.

దారం సరిపోతుందో లేదో 18వ చుట్టు దగ్గరే తెలుసుకోవచ్చు. అడుగులో మొత్తం కుట్లు 1,026. గోడలో మూతితో కలిపి 7,884. అంటే 8 రెట్ల లోపు. అడుగుని వంటింటి కాటా మీద తూచి 8తో గుణించండి. 24 గ్రాములుంటే గోడకి ఇంకో 190 గ్రాములు చాలు. మీ దగ్గర 300 ఉంది కాబట్టి తాడు కింది కొసలు బిగించే ఉచ్చులకి కూడా మిగులుతుంది. ఇక సమయం అంటారా, నిమిషానికి 15 కుట్లు వేసే చేతికి దాదాపు 10 గంటల పని.

గోదారి_లేసు:

పైవారు చెప్పినదానికి చేతి బిగువు గురించి కొంచెం కలుపుతాను. 2024లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చిన నర్సాపురం లేసు అందమంతా కుట్టుకీ కుట్టుకీ మధ్య ఖాళీలోనే ఉంటుంది. సన్న దారం, సన్న స్టీలు హుక్కు, తేలిక చెయ్యి. ఆ అలవాటు ఉన్నవాళ్ళు బ్యాగుకి కూర్చుంటే కుట్లు వదులుగా పడి పెన్నులు బయటికి పొడుచుకొస్తాయి. ముక్కని కిటికీ వెలుతురుకి అడ్డం పెట్టి చూడండి. సూది మొనంత చుక్కలు కనపడితే ఫరవాలేదు. పెసరగింజ దూరేంత కనపడితే 3.5 మి.మీ. హుక్‌కి మారండి. అప్పుడు కుట్లు 10 సెం.మీ.లో 19 దాకా పడతాయి, అందుకని అడుగు 20 చుట్లు, 120 కుట్లు చేసుకోవాలి. హుక్ కొనేటప్పుడు నంబరు అడక్కండి, మి.మీ. అడగండి. స్టీలు హుక్కుల్లో నంబరు పెరిగేకొద్దీ హుక్ సన్నబడుతుంది.

దారం కాటన్ తీసుకోవడం మంచి పని. అక్రిలిక్ ఊలుతో చేస్తే బరువుకి సాగి, నెల తిరక్కుండా బ్యాగు పొడుగవుతుంది. టీ షర్టు దారంతో చేస్తే ఖాళీ బ్యాగే బరువు. ముదురు ఎరుపు, నీలం రంగులైతే మూరెడు దారం తడిపి తెల్లగుడ్డలో చుట్టి గట్టిగా పిండి చూడండి. రంగు దిగితే వీపు మీద చెమటకి చొక్కాకీ దిగుతుంది.

ఇక చుట్లు తిప్పకుండా ఒకే వైపు అల్లుకుపోతాం కదా, కుట్లు నిలువుగా ఒకదాని మీద ఒకటి కూర్చోవు. కుడిచేత్తో అల్లేవాళ్ళకి ప్రతి చుట్టూ కాస్త కాస్త కుడికి జరుగుతూ పోతుంది. 68 చుట్లు ఎక్కేసరికి అడుగున గుర్తు పెట్టిన కుట్టు వరస పైన ఎక్కడో తేలుతుంది. ఇది తప్పు కాదు, ఆ కుట్టు స్వభావం. ఈ సంగతి తెలియకనే చాలామంది అడుగున ముందే ఉచ్చులు కుట్టేసి, తీరా మూతి అయ్యాక తాళ్ళు వంకరగా వస్తున్నాయని బాధపడతారు. కింది ఉచ్చులు చిట్టచివర్లో పెట్టండి. అడుగు గుండ్రమే కనుక బ్యాగుని ఎటైనా మడవచ్చు. ముందు మూతి దగ్గర పక్కలు ఏవో నిర్ణయించుకుని, అక్కణ్ణుంచి స్కేలు పెట్టి తిన్నగా కిందికి దిగండి. కుట్టు గీత వెంట దిగొద్దు.

నాడా పట్టేయడానికి మూడు కారణాలు. గొలుసు తాడు నిండా గాట్లే, అవి రంధ్రం అంచుల్ని పట్టుకుంటాయి. రెండోది, ఈ రకం బ్యాగులో తాళ్ళు రెండు. ప్రతి రంధ్రంలోంచీ రెండూ వెళ్ళాలి. 2 గొలుసుల ఖాళీ 12 మి.మీ. కూడా ఉండదు, 5 మి.మీ. తాళ్ళు రెండు దూరితే ఇక జారడానికి చోటేది? 3 గొలుసులు వేసి 3 కుట్లు వదలండి. "3 మామూలు, 3 గొలుసులు" అని 18 సార్లు, 108కి సరిగ్గా సరిపోతుంది. తర్వాతి చుట్టులో ఒక్కో గొలుసు ఖాళీలో 3 కుట్లు, మామూలు కుట్ల మీద మామూలుగా. గొలుసు పోగుల్లోకి గుచ్చకండి, ఖాళీలోకే హుక్ దించి వేస్తే రంధ్రం అంచు నున్నగా వస్తుంది. మూడో కారణం గుడ్డ మందం. 108 కుట్ల మూతి పూర్తిగా ముడుచుకోదు, మధ్యలో నిమ్మకాయంత కన్నం మిగులుతుంది. అది ఇష్టం లేకపోతే రంధ్రాలకి ముందు చుట్టులో "4 మామూలు, తర్వాతి 2 కలిపి ఒకటి" అని 18 సార్లు వేస్తే 90కి దిగుతుంది. ఆ పైన "2 మామూలు, 3 గొలుసులు" 18 సార్లు. మూతి వెడల్పు 26 సెం.మీ.కి తగ్గుతుంది, ఏ4 పుస్తకం అందులోంచి ఇబ్బంది లేకుండా వెళ్తుంది.

తాడుకి షాపులో దొరికే అల్లిక కాటన్ తాడు, 4 లేదా 5 మి.మీ.ది, నున్నటిది తీసుకోండి. మగ్గం వర్కు సామాన్ల షాపుల్లోనూ, బ్యాగులు కుట్టేవాళ్ళ సామాను అమ్మేచోటా మీటర్ల లెక్కన ఇస్తారు. పైజామా నాడా సన్నం, భుజం కోస్తుంది. పేనిన తాడు వద్దు, లాగేకొద్దీ పురి విడిపోతుంది.

మిషన్_పని:

లైనింగ్ వేయండి. మీరు పెట్టే సామాను కిలో పైమాటే, సీసాతో ఒకటిన్నర కిలో అవుతది. క్రోషే గుడ్డ ఆ బరువుకు నిలువుగ సాగుతది. లైనింగ్ ఎత్తు రంధ్రాల కింది గోడ కన్నా ఒక సెంటీమీటరు తక్కువ పెడితే బరువంతా గుడ్డ మోస్తది, అల్లిక మీద పడదు. ఎక్కువ పెడితే లైనింగ్ అడుగున కుప్పపడి, దాని పనే ఉండదు.

ముందు బ్యాగు అల్లుడు అయిపోయినంక ఒకసారి తడిపి, లోపల తువ్వాల కూరి ఆకారం సరిచేసి నీడల ఆరబెట్టండి. ఆరినంకనే కొలవండి. లైనింగ్ గుడ్డ గూడ గంజి పోయేటట్టు నానబెట్టి ఆరేసి ఇస్త్రీ చేసినంక కోయాలె, లేకుంటే మొదటి ఉతుకుకే ముడుచుకుంటది. పాప్లిన్ సరిపోతది. పైవారి కొలతలకైతే అడుగు గుండ్రం 22 సెం.మీ. అడ్డం, గోడ ముక్క 65 పొడుగు, 40 ఎత్తు. కుట్టుకు చుట్టూ ఒక్కో సెంటీమీటరు, పైన మడతకు రెండు, అన్నీ ఇందులనే ఉన్నయి. కుట్టినంక ఎత్తు 37 వస్తది. దాని పై అంచు రంధ్రాలకు కింది చుట్టులోనే ఆగాలె. రంధ్రాల మీదికి వస్తే నాడా గుడ్డను పట్టి లాగుతది. 90 కుట్లకు దించినోళ్ళు లైనింగ్ పై అంచును చిన్న చిన్న కుచ్చులు పెట్టి కలపాలె. చేతికుట్టే వేయండి, మిషన్ మీద అల్లిక సాగి అంచు అలలు తేలుతది.

కింది ఉచ్చులు చెప్త. ఒక్కో దానికి 8 కుట్ల వెడల్పుతో 14 వరసల పట్టీ అల్లండి. సగానికి మడిచి, రెండు కొసలు కలిపి గోడ అడుగున, 19వ చుట్టు గీతకు పైన మూడు చుట్ల ఎత్తుల కుట్టాలె. మడత దిక్కు 2 సెం.మీ. ఉచ్చు బయటికి మిగలాలె. అల్లిన దారంతోటి కాకుండ నైలాన్ దారం రెండు పోగులు పెట్టి, చతురస్రం లెక్క నాలుగు దిక్కుల కుట్టి మధ్యల అడ్డంగ క్రాస్ వేయండి. లోపలి దిక్కు 5 సెం.మీ. జీన్స్ ముక్క పెట్టి దానితోటి కలిపి కుడితే బరువు ఆ ముక్కంతా పంచుకుంటది. ముక్క లేకుంటే రెండు మూడు కుట్ల మీదనే బరువు పడి అక్కడ చిల్లి పడతది. చిరిగేది ఎప్పుడూ ఈ చోటనే. ఈ పని లైనింగ్ లోపల పెట్టకముందే అయిపోవాలె.

వెన్నెల_దారాలు:

చాలా చాలా ధన్యవాదాలండీ. నమూనా మళ్ళీ చూశాను, నిజంగానే "సింగిల్" అన్న మాట లేదు. విప్పి పొట్టి కుట్టుతో 8 చుట్లు వేశాను, 48 కుట్లు, బల్ల మీద పడుకుంది. కాకపోతే అంచు సన్నగా అలలా ఊగుతోంది. మళ్ళీ విప్పాలా? 5 మి.మీ. కాటన్ తాడు చూసి పెట్టాను. ఎంత పొడవు కొనాలి, 18 రంధ్రాల్లో ఎట్నుంచి ఎటు ఎక్కించాలి?

కుట్టు_లెక్క:

అరచేత్తో అదిమితే పడుకుని, చెయ్యి తీస్తే కాస్త లేస్తుందా? అయితే విప్పకండి. ఒక చుట్టు పెంచకుండా 48 మీద 48 వేయండి, సర్దుకుంటుంది. ఆ తర్వాత పెంపు మామూలే, మొత్తం చుట్లు 18 బదులు 19 అవుతాయి. అదిమినా మడతలు పడుతుంటే మాత్రం కుట్లు లెక్కపెట్టండి. చుట్టు మొదట్లో గుర్తు పిన్ను ఒక కుట్టు అటో ఇటో పెట్టడం వల్ల చుట్టుకొకటి అదనంగా చేరుతూ ఉంటుంది.

తాడు ఒక్కోటి 170 సెం.మీ., రెండు కావాలి. మూతి చుట్టూ 64, రెండు కొసలు కిందికి దిగడానికి 40, 40, ముడులకి 16, మిగిలిన 10 సర్దుబాటుకి. మూతి పూర్తిగా తెరిచినా ముడి బిగుసుకోకుండా ఉండాలంటే ఇంతకన్నా తగ్గకూడదు. చిన్నపిల్లలకి పొడవైతే ముడి పైకి జరుపుకోవాలి గానీ తాడు కొయ్యకూడదు.

ఎక్కించే పద్ధతి. రంధ్రాలకి 1 నుంచి 18 దాకా అంకెలు వేసుకోండి. 18కీ 1కీ మధ్య ఉన్న చోటు కుడి పక్క, 9కీ 10కీ మధ్య ఉన్న చోటు ఎడమ పక్క. మొదటి తాడు బయటి నుంచి 1లోకి, 2లోంచి బయటికి, 3లోకి, ఇలా చుట్టంతా తిరిగి 18లోంచి బయటికి రావాలి. రెండు కొసలూ కుడి పక్కనే వేలాడతాయి. రెండో తాడు బయటి నుంచి 10లోకి, 11లోంచి బయటికి, అలా తిరుగుతూ 18లోకి, 1లోంచి బయటికి, చివరికి 9లోంచి బయటికి. దాని కొసలు రెండూ ఎడమ పక్కన. సరిగ్గా వస్తే ఏ రంధ్రం చూసినా ఒక తాడు లోపలికి, ఒకటి బయటికి పోతుంటుంది. రంధ్రానికీ రంధ్రానికీ మధ్య కూడా ఒకటి లోపల, ఒకటి బయట. రెండూ ఒకే వైపు ఒరుసుకోవు, అందుకే సులువుగా జారతాయి. 16 రంధ్రాలు పెడితే ఈ అమరిక కుదరదు, రెండు తాళ్ళూ ఒకే దారిలో జంటగా నడుస్తాయి. సగం బేసి సంఖ్య రావాలి, అందుకే 18.

ఎక్కించే ముందు కొస ఫెవికాల్‌లో ముంచి, వేళ్ళతో పురి తిప్పి ఆరనివ్వండి. గట్టి పుల్లలా అవుతుంది, పిన్నీసు కూడా అక్కర్లేదు. కుడి కొసలు రెండూ కలిపి కుడి ఉచ్చులోంచి తీసి, రెండింటికీ కలిపి ఒకే ముడి వేయండి. ఎడమవీ అంతే. కుట్టేయొద్దు, వారం రోజులు వాడాక తాడు సాగుతుంది, అప్పుడు ముడి సర్దాలి.

ఊలు_ఉండ:

ఒక్క మాట. ఒకటిన్నర కిలో రోజూ మోసేదైతే తాడే భుజం పట్టీగా ఉండటం నాకు సమ్మతం కాదు, 5 మి.మీ. తాడు పది నిమిషాల్లో భుజం మీద గీత పెడుతుంది. మూతికి ఒక్క నాడా చాలించి, పట్టీలు విడిగా పెట్టుకుంటే మంచిది. పట్టీని అడ్డంగా చిన్న వరసలతో అల్లితే రబ్బరులా సాగిపోతుంది. పొడవునా అల్లాలి. 121 గొలుసులు వేసి, హుక్ నుంచి రెండో గొలుసులో మొదలుపెట్టి 120 పొట్టి కుట్లు, అలా 5 వరసలు. 70 సెం.మీ. పొడవు, దాదాపు 3 సెం.మీ. వెడల్పు వస్తుంది. చుట్టూ అంచు వెంట స్లిప్ స్టిచ్ (ఎత్తు పెరగని కుట్టు) ఒక వరస వేస్తే ఇంకా బిగువు. వెనక కాటన్ టేపు కుట్టుకుంటే అసలు సాగదు.

పట్టీల పై కొసలు రెండూ వీపు వైపు మధ్యలో, రంధ్రాలకి 3 సెం.మీ. కింద, పక్కపక్కనే కుట్టాలి. దూరంగా పెడితే భుజాల మీంచి జారిపోతాయి. కింది కొసలు ఇంతకు ముందు ఉచ్చులకి చెప్పిన చోటే, లోపల జీన్స్ ముక్కతో. పై కొసలకి కూడా ఆ ముక్క మరవకండి, బ్యాగు ఎత్తేటప్పుడు ముందు లాగుడు పడేది అక్కడే. నాడా ఒక్కటే అయితే ఎదర వైపు రెండు రంధ్రాల మధ్య కొసలు తీసి, చెక్కపూస ఎక్కించి ముడేస్తే సరి.

వెన్నెల_దారాలు:

అలాగేనండీ. అడుగు 19 చుట్లకి పూర్తయింది, తూచితే 23 గ్రాములు. దారం సరిపోతుంది. పట్టీలు విడిగానే పెడతాను. 90 కుట్లకి దించి, నాడా ఒక్కటే వేస్తాను. అప్పుడు 3 గొలుసుల బదులు 2 చాలా?

గోదారి_లేసు:

చాలు. ఒక్క తాడే కనుక "3 మామూలు, 2 గొలుసులు" 18 సార్లు, 90కి సరిపోతుంది. తాడు కూడా 4 మి.మీ.దే తీసుకోండి, 90 సెం.మీ. పొడవు చాలు. మూతి చుట్టుకొలత 53, మిగిలింది లాగడానికీ పూసకీ.